పలకకి ముందు పితికిపప్పు

ప్రశ్న: నమస్తే మేడమ్. తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు ఒక చిన్న ప్రీస్కూల్లో టీచర్‌ని. నా క్లాసులో మూడున్నర నుంచి ఐదేళ్ల వయసు పిల్లలు 22 మంది. వాళ్లలో ముగ్గురికి ప్రత్యేక అవసరాలున్నాయి. ఒక పాపకి సెరిబ్రల్ పాల్సీ, ఎడమ చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగిసే ఉంటుంది. ఒక బాబుకి డౌన్ సిండ్రోమ్, పెన్సిల్ పట్టుకున్న రెండు నిమిషాలకే జారిపోతుంది. ఇంకో బాబుకి ఆటిజం, చేతికి బంక గానీ రంగు గానీ అంటితే ఒకటే ఏడుపు. మిగతా పిల్లలు అఆలు, ఏబీసీడీలు రాస్తుంటే వీళ్లు రాయలేరు కదా అని ముగ్గురినీ మూలనున్న చాప మీద, ఆయమ్మ దగ్గర బ్లాకులిచ్చి కూర్చోబెడుతున్నాను. సంక్రాంతి సెలవుల్లోపు నోటు పుస్తకాలు నిండాలని మేనేజ్‌మెంట్ అంటోంది. ఈ ముగ్గురికీ వేళ్లు బాగా పనిచేయడానికి విడిగా ఏం చేయించాలి? ఒక లిస్టు ఇస్తే చాలు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక టీచర్, తిరుపతి

సమాధానం:

టీచరమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పెన్సిల్ ఎన్ని నిమిషాలకి జారుతుందో కూడా రాశారంటే ఆ పిల్లల్ని మీరు దగ్గరగా గమనిస్తున్నారన్న మాట. అందుకే దాపరికం లేకుండా చెబుతున్నాను. మీ ప్రశ్నలో ‘విడిగా’ అన్న మాట తీసేయండి. ఆ ముగ్గురి వేళ్లకి ఏ పని కావాలో మిగతా 19 మంది వేళ్లకీ అదే పని కావాలి. నోటు పుస్తకం మాత్రం ఆ 22 మందిలో చాలామందికి ఇప్పుడే అక్కర్లేదు.

ఎందుకో చెబుతాను. మన మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. బిడ్డ పుట్టేనాటికి అవింకా ఎముకలుగా మారి ఉండవు, మెత్తటి మృదులాస్థిగా ఉంటాయి. ఎక్స్‌రే తీస్తే ఆ చోటంతా ఖాళీగా కనిపిస్తుంది. తర్వాత ఒక్కొక్కటే గట్టిపడుతూ వస్తుంది. నాలుగేళ్ల బిడ్డ ఎక్స్‌రేలో మూడో నాలుగో కనిపిస్తాయి. చివరిది కనిపించేసరికి చాలామందికి తొమ్మిదేళ్లు దాటుతాయి. ఇంకా తయారవుతున్న ఆ చేతికి సన్నటి పెన్సిల్ ఇచ్చి, నాలుగు గీతల పుస్తకంలో పేజీ నింపమంటే ఏం చేస్తారో మీరు రోజూ చూస్తూనే ఉంటారు. పెన్సిల్‌ని పిడికిలితో పట్టి, భుజం బిగబట్టి, కాగితం చిరిగేలా నొక్కుతారు. లేదా నీళ్లు తాగి వస్తామని లేచిపోతారు.

గీతలు రావడానికి కూడా ఒక వరస ఉంది. నిలువు గీత రెండేళ్లకి, అడ్డగీత రెండున్నరకి, సున్న మూడేళ్లకి, ప్లస్ గుర్తు నాలుగేళ్లకి, చతురస్రం నాలుగున్నర ప్రాంతంలో, త్రిభుజం ఐదేళ్లకి వస్తాయి. ఒకరికి ముందు, ఒకరికి వెనక కావచ్చు గానీ వరస దాదాపు ఇదే. త్రిభుజానికి ఏటవాలు గీతలు కావాలి కాబట్టి అది చివర వస్తుంది. ఇప్పుడు మీరు దిద్దిస్తున్న అక్షరాలు చూడండి. ఇంగ్లిషులో ఏ, కే, ఎమ్ అన్నీ ఏటవాలు గీతలే. మన ‘క’ మీద తలకట్టు కూడా ఏటవాలే. ‘అ’ రాయాలంటే చెయ్యి గుండ్రంగా తిరిగి, ఆగి, మళ్లీ ఇంకోవైపు తిరగాలి. సున్న చుట్టి కొసలు కలపడం రాని బిడ్డ చేత ‘అ’ దిద్దిస్తే, ఆ దిద్దినంతసేపూ ‘ఇది నాకు రాదు’ అన్నదే నేర్చుకుంటుంది. మన పెద్దవాళ్లు అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, చూపుడువేలితో రాయించేవాళ్లు. వేలికి బియ్యం తగులుతుంది, గీత పడుతుంది, చెరుపుకుంటే పోతుంది. మనం ఆ పళ్లేన్ని ఒక్కరోజు ముచ్చటగా మార్చేసి, మర్నాటి నుంచే నోటు పుస్తకం చేతికిస్తున్నాం.

సరే, పని దగ్గరికి వద్దాం. చలికాలం కదా, మన సంతల్లోకి అనపకాయలు దిగుంటాయి. గింజలు ఒలిచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటీ పితికితే పితికిపప్పు. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఇది తెలియనివాళ్లు ఉండరు. ఒక్క కిలో కాయలు తెచ్చి క్లాసు మధ్యలో పోసి చూడండి.

మీరు ఒక గింజ తీసుకుని నెమ్మదిగా పితికి చూసుకోండి. గింజ ముందు అరచేతిలోకి వస్తుంది. అక్కడి నుంచి దాన్ని వేళ్ల కొసలకి జరపాలి. అడ్డంగా ఉంటే తిప్పుకోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక కొస పట్టుకుని నొక్కాలి. మరీ మెల్లగా నొక్కితే రాదు, గట్టిగా నొక్కితే పప్పు చిదిగిపోతుంది. సరిగ్గా నొక్కితే తోలు వేళ్లలో మిగిలి, పప్పు టపీమని గిన్నెలో పడుతుంది. పెన్సిల్ పట్టుకుని, జారితే మళ్లీ సర్దుకుని, కావలసినంత ఒత్తిడితో గీత గీయడానికి వేళ్లు చేసే పని ఇదే. పైగా పప్పు ఎగిరి పక్కవాడి ఒళ్లో పడితే పిలకాయలందరూ ఒకటే నవ్వు. ఇంకో గింజ కోసం వాళ్లే చెయ్యి చాపుతారు.

సెరిబ్రల్ పాల్సీ (కండరాలకి మెదడు అదుపు సరిగ్గా అందని స్థితి) ఉన్న పాపకి గిన్నె కదలకుండా ఉండాలి. స్టీలు గిన్నె కింద తడిగుడ్డ మడిచి వెయ్యండి, జారదు. గిన్నెని పాపకి ఎడమవైపు పెట్టి, పిడికిలి బిగిసిన ఆ ఎడమ చేతిని గిన్నెకి ఆనించండి. గిన్నె పట్టుకునేది ఆ చెయ్యి, పితికేది కుడిచెయ్యి. పిడికిలి విప్పుకోకపోయినా ఫర్వాలేదు, ఆ చేతికీ ఒక పని ఉందని పాపకి తెలియాలి. బిగిసిన వేళ్లని పట్టి లాగకండి. మణికట్టుని మెల్లగా లోపలికి వంచితే వేళ్లు వాటంతటవే కాస్త వదులవుతాయి. ఇది ఫిజియోథెరపిస్టు చేత ఒకసారి చూపించుకుని, ఆ తర్వాతే చేయండి. ఇంకో మాట. బాగున్న చేతిని కట్టేస్తే రెండో చెయ్యి పనిచేస్తుందని ఎవరైనా చెప్పి ఉండొచ్చు. అలాంటి చికిత్స ఉన్న మాట నిజమే. అది థెరపిస్టు పర్యవేక్షణలో, లెక్క ప్రకారం జరగాల్సింది. బడిలో మనం చేయకూడదు.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి కండరాల బిగువు తక్కువ, కీళ్లు వదులుగా ఉంటాయి, వేళ్లు పొట్టిగా ఉంటాయి. పెన్సిల్ జారడం ఆ బాబు అశ్రద్ధ వల్ల జరగడం లేదు. ఆ బాబుకి పెద్ద గింజలు ఏరి, తోలుకి మీ గోటితో చిన్న గాటు పెట్టి ఇవ్వండి. అయిదు గింజలు పితికితే చాలు, చేతికి అలసట వస్తుంది. ‘పితుకు నాయనా’ అన్నాక మనసులో పది లెక్కపెట్టండి. మాట చెవిన పడి, అర్థమై, చేతిదాకా రావడానికి ఆ బాబుకి టైమ్ పడుతుంది. మూడు లెక్కపెట్టేసరికే మనం చెయ్యి పెట్టేస్తాం. ఆ పది సెకన్లు ఆగడమే ఇందులో అన్నిటికంటే కష్టమైన పని, అది మన పని.

ఆటిజం ఉన్న బాబుకి నానిన గింజ జిగట నచ్చకపోవచ్చు. బలవంతంగా ముట్టిస్తే రేపు ఆ చాప దగ్గరికే రాడు. ఆ బాబుని ముందురోజు పనిలో పెట్టండి. అనపకాయలు ఒలవడం పొడి పని. కాయ కొస తుంచి, వెన్ను చీల్చి, గింజలు రాల్చాలి. మర్నాడు పితికిన పప్పుని చెంచాతో ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చనివ్వండి. పక్కనే పొడి తువ్వాలు పెట్టండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెయ్యి తుడుచుకోవచ్చని చూపించండి. కాయలు ఒలవడం, పితకడం, చేతులు కడుక్కోవడం – ఈ మూడింటికీ మూడు బొమ్మలు గీసి గోడకి అంటించండి. తర్వాత ఏం జరుగుతుందో ముందే కనిపిస్తే సగం భయం పోతుంది. ఒకరోజు తనంతట తనే ఒక గింజ ముట్టుకుని వెంటనే చెయ్యి తుడుచుకుంటాడు. మీరు చప్పట్లు కొట్టకండి, ఆ శబ్దానికి బెదరొచ్చు. చూశానని చిన్నగా తలూపితే చాలు.

ఇలా చేస్తే పని ఒక్కటే, చాప ఒక్కటే, ముగ్గురూ మూడు దారుల్లో ఆ పనిలోకి వస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమ్మిళిత విద్య అంటే ఏమిటో చెప్పింది. వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు కలిసి నేర్చుకోవాలి, బోధన వాళ్లకి తగినట్టు మారాలి. మారాల్సింది బోధన. మూల చాప అందుకు సరిపోదు. మీరు కావాలని చేయలేదని నాకు తెలుసు, 22 మందిని ఒక్కరే చూసుకునేవాళ్ల కష్టమూ తెలుసు. కానీ ఆ పాపకి నాలుగేళ్లకే తన చోటు మూలలో అని తెలిసిపోవడం నాకు బాధగా ఉంది.

గింజలతో ఆడించేటప్పుడు ఒళ్లంతా కళ్లు చేసుకోవాలి. అనపగింజలు పచ్చివి తినకూడదు, బాగా ఉడికించాకే తినాలి. ఏదైనా నోట్లో పెట్టుకునే అలవాటున్న పిల్లలు, మూడేళ్లు నిండని పిల్లలు చిన్న గింజల దగ్గర ఒక్క క్షణం కూడా ఒంటరిగా ఉండకూడదు. చింతగింజలైనా, చెనక్కాయలైనా గొంతులో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. గురివింద గింజలు మాత్రం బడి గడప లోపలికే రానివ్వకండి. ఎర్రగా, నల్ల చుక్కతో ముద్దుగా ఉంటాయి, బొమ్మల మీద అంటించడానికి తెస్తుంటారు. అవి విషం. నమిలితే ఒక్క గింజతోనే చిన్నపిల్లలకి ప్రమాదం.

అనపకాయల కాలం అయిపోతే ఉడకబెట్టిన చెనక్కాయలు ఒలిపించండి, కరివేపాకు దూయించండి, చపాతీ పిండి పిసికించండి. ఒక పిండి ముద్దలో చీపురుపుల్ల నిలబెట్టి, దానికి పాత ప్లాస్టిక్ గాజులు తొడిగించండి. ఆ పాప ఒక చేత్తోనే చేయగలదు. పూలు గుచ్చడమైతే దారం ఒక చేత, పువ్వు ఒక చేత పట్టాలి, అది తర్వాత. కత్తెరకి ముందు కాగితం చింపడం రావాలి, దాని గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

ఇక కూర్చోవడం. వేళ్ల గురించి రాసినవాళ్లు సాధారణంగా పాదాల గురించి రాయరు, మీరూ రాయలేదు. బెంచీ ఎత్తుగా ఉండి కాళ్లు గాల్లో వేలాడుతుంటే పడిపోకుండా ఉండడానికే ఒంట్లో బలమంతా పోతుంది, వేళ్లకి ఏమీ మిగలదు. పాదాల కింద రెండు ఇటుకలు గుడ్డలో చుట్టి పెట్టండి, లేదా పాత పుస్తకాలు తాడుతో కట్టి పెట్టండి. బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. కింద కూర్చుంటే డౌన్ సిండ్రోమ్ బాబుకి గోడ ఆనుడుగా ఇచ్చి చిన్న పీట వెయ్యండి. ఈ ఒక్క మార్పుతో పెన్సిల్ రెండు నిమిషాల కంటే ఎక్కువసేపు నిలవడం మీరే చూడొచ్చు.

గోడని కూడా వాడుకోండి. కాంపౌండు గోడ మీద బ్రష్షు, నీళ్లు ఇచ్చి గీయమంటే మన ఎండకి గీసింది గీసినట్టే ఆరిపోతుంది, మళ్లీ గీస్తారు. నిలువు గోడ మీద గీసేటప్పుడు మణికట్టు పైకి తిరిగి, భుజం బలపడుతుంది. రాసే చేతికి ఆ రెండూ కావాలి. చేతికి ఏమీ అంటదు కాబట్టి ఆటిజం ఉన్న బాబుకీ ఇది నచ్చే అవకాశం ఎక్కువ.

రాయించేటప్పుడు కొత్త పెన్సిల్ కంటే అరిగిపోయిన బలపం ముక్క మేలు. అంగుళం ముక్కని పిడికిలితో పట్టలేరు, వేళ్ల కొసలతోనే పట్టాలి. పలక గరుకుగా ఉంటుంది కాబట్టి గీత ఎటు పోతోందో చేతికి తెలుస్తుంది. బలపం తినే పిల్లలుంటారు, చూసుకోండి. డౌన్ సిండ్రోమ్ బాబుకి మాత్రం ముక్క బలపం వద్దు, లావుపాటి పట్టు కావాలి. దానికి మనకి దగ్గర్లోనే ఒక నమూనా ఉంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల కలం చూశారా? వెదురుపుల్ల మొనకి కాస్త పైన ఉన్ని, గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. రంగు పీల్చుకోవడానికి పెట్టిన ఆ ఉబ్బు వేళ్లకి మంచి పట్టు కూడా ఇస్తుంది. అలాగే పెన్సిల్‌కి పాత నూలు గుడ్డ పీలిక చుట్టి దారంతో గట్టిగా కట్టండి. పైసా ఖర్చు లేదు.

చెయ్యి పట్టుకుని దిద్దించడం గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక బడిలో ఒక అబ్బోడి చేతిని నా చేత్తో పైనుంచి మూసి పట్టి, రోజూ ‘అ’ దిద్దించేదాన్ని. పేజీ నిండేది, అక్షరం చక్కగా ఉండేది. అది నా అక్షరం. కొన్నాళ్లకి నేను పలక తీస్తే చాలు, ఆ బిడ్డ రెండు చేతులూ వీపు వెనక దాచుకునేవాడు. ఒక థెరపిస్టు చూసి, ‘మీ చెయ్యి కింద పెట్టండి, వాడి చెయ్యి పైన ఉండనివ్వండి’ అన్నారు. అంటే పని నా వేళ్లు చేస్తుంటాయి, వాడి వేళ్లు నా చేతి మీద ఆని ఆ కదలికని తెలుసుకుంటాయి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా తీసేసుకోవచ్చు. వాడు మళ్లీ చెయ్యి ముందుకు చాపడానికి మూడు వారాలు పట్టింది. అప్పటి నుంచి ఏ బిడ్డ చేతినీ పైనుంచి పట్టలేదు.

బొత్తాలు, టిఫిన్ బాక్సు కూడా పాఠాలే. బొత్తాం నేర్పేటప్పుడు చివరి నుంచి మొదలుపెట్టండి. మీరు బొత్తాన్ని కాజాలో సగం దూర్చి, ఇవతలికి లాగే పని బిడ్డకి వదలండి. అది వచ్చాక అంతకు ముందు మెట్టు. ఎప్పుడు చేసినా పని పూర్తిచేసింది తనే అవుతుంది. తల్లులకి చెప్పి, బిడ్డ తెరవగలిగే మూత ఉన్న బాక్సు పంపమనండి. భోజనాల టైమ్‌లో ఆయమ్మ అన్ని మూతలూ తానే తీసేస్తుంటే వద్దని నచ్చజెప్పండి. ఆవిడ ప్రేమతోనే చేస్తుంది, కాబట్టి ఎందుకు వద్దో వివరంగా చెప్పండి.

మేనేజ్‌మెంట్‌కి ఏం చెప్పాలి? 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసుని పునాది దశ అంది. దాని కోసం 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటతో, చేతిపనితో నేర్పమనే చెబుతోంది. ఆ కాగితాలు చూపించండి గానీ వాటితోనే వాళ్లు ఒప్పుకుంటారని నేననుకోను. తల్లిదండ్రుల్ని ఒక శనివారం పిలిచి, పిల్లల పక్కన కూర్చోబెట్టి పితికించండి. నాయనమ్మలు వస్తే ఇంకా మంచిది, నేర్పడం వాళ్లకే బాగా వచ్చు. పిల్లలొక్కొక్కరికీ ఒక పేజీ పెట్టి వారానికి ఒక వాక్యం రాయండి: ‘ఈ వారం బాక్సు తనే తెరిచింది’, ‘సున్న కొసలు కలిశాయి’. నోటు పుస్తకం నిండలేదేమని అడిగిన తండ్రికి ఆ పేజీ చూపించండి. అయినా ఒకరిద్దరు వినరు. సున్న, ప్లస్ రెండూ ధారాళంగా గీస్తున్న పిల్లలకి అక్షరాలు ఇవ్వండి, అది తప్పు కాదు. అందరికీ ఒకే తేదీ పెట్టడం తప్పు.

మీరు చేసేది థెరపీకి బదులు కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆ బృందాలు అంగన్‌వాడీలకి, ప్రభుత్వ బడులకి వెళ్తాయి. మీది ప్రైవేటు బడి కాబట్టి తల్లిదండ్రుల్నే దగ్గర్లోని అంగన్‌వాడీలో గానీ ప్రభుత్వాసుపత్రిలో గానీ అడగమనండి. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం గురించి మండల విద్యాశాఖ కార్యాలయంలో కనుక్కోండి. ఎముకలు, కీళ్ల ఇబ్బందికి తిరుపతిలోనే టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉంది. పాప తల్లిదండ్రులు ఇప్పటికే ఎక్కడైనా చూపిస్తుంటే ఆ థెరపిస్టు ఫోన్ నంబరు తీసుకుని, బడిలో ఎలా కూర్చోబెట్టాలో ఒక్కసారి అడగండి. నిన్నటిదాకా చేసిన పని ఏ బిడ్డయినా చేయడం మానేసినా, వచ్చిన మాట పోయినా రేపటిదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పంపండి.

సోమవారం పొద్దున ఆయమ్మ, మీరు కలిసి ఆ మూలనున్న చాప ఎత్తి క్లాసు మధ్యలో వెయ్యండి. ఆదివారం సంతలో కాయలు కొనేటప్పుడు లేతవి కాకుండా గింజ బాగా ముదిరినవి ఏరండి, లేతవి పితికితే చిదిగిపోతాయి. పాప గిన్నె కింద తడిగుడ్డ మర్చిపోకండి.